ఇంజను ముక్కుకు అడ్డం పడ్డ దుమ్ము

*పెట్రోలును తిట్టుకుంటున్నాం, కంపెనీని తిట్టుకుంటున్నాం. జుక్కల్ చేలల్లో చిన్న ఇంజన్ల ఆయుష్షును సగానికి కోస్తున్నది మాత్రం ఎవరూ విప్పి చూడని ఒక నల్ల డబ్బా.*

రేకుల షెడ్డు ముందు పవర్ వీడర్ నిలబెట్టి ఉంది. బ్లేళ్లకు అంటుకున్న నల్లరేగడి పెళ్లలు పెళుసుబారి రాలుతున్నాయి. తాడు గుంజీ గుంజీ అలిసిపోయిన రైతు భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఏమైంది కాకా?"

"ఏమైతది తమ్మీ. గుంజంగనే లేస్తది. చేన్ల దించి ఎక్సలేటర్ ఇస్తే మాత్రం గుక్క పట్టినట్టు జేసి బందైతది. పెట్రోల్ల చెరుకు సార కలుపుతుండ్రట గదా, దానిదే గీ రోగమంత."

"పెట్రోల్ సంగతి తర్వాత జూద్దాం. గీ డబ్బ ఎన్నడన్న ఇప్పినవా?"

"గది గూడ ఇప్పేదుంటదా? కొన్నకాడికెల్లి గట్లనే ఉన్నది."

మెకానిక్ రెక్కల నట్టు తిప్పి మూత లేపాడు. పైన ఉండాల్సిన స్పాంజి ఎండిన బురద ముద్దలా ఉంది. లోపలి కాగితం ఫిల్టరును రాయి మీద తడితే దాని మడతల్లోంచి గుప్పెడు చేను రాలింది. ఫిల్టరు పక్కన పెట్టి ఒక్కసారి తాడు గుంజాడు. ఇంజను గొంతు విప్పుకుని మోగింది. వెంటనే ఆపేశాడు.

"ఇంకేంది మరి, గట్లనే లేకుండ నడుపుకుంట." కాక కళ్లు మెరిశాయి.

"నడుపు. వచ్చే పంటకు ఇంజనే ఉండదు."

పెట్రోలు మీద పడ్డ నింద

కాకది గాలిమాట అని కొట్టేయడానికి లేదు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్రం 2030 నుంచి 2025కు ముందుకు జరిపింది, అందుకుంది కూడా. అప్పటినుంచి ఏ బంకు దగ్గర విన్నా, ఏ హోటల్ బెంచీ మీద విన్నా ఇదే చర్చ. లీటరుకు లీటరు లెక్కేస్తే ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ. అందుకే మైలేజీ కొంత తగ్గుతుంది. ఈ20 కోసం తయారుకాని వాహనాల్లో బైకులకు 3 నుంచి 4 శాతం, కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గుదల ఉండవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా కట్టింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలకు పడదు. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు ఉంచేసే చిన్న యంత్రాలకు ఇది నిజంగా ఇబ్బందే.

అయితే ఎక్సలేటర్ ఇవ్వగానే ఇంజను గొంతు పట్టుకుపోవడం వేరే కథ. ఇథనాల్‌లో ప్రాణవాయువు ఉంటుంది కాబట్టి పాత కార్బొరేటర్ ఇంజన్లలో మిశ్రమం పలచబడుతుంది. అప్పుడు ప్లగ్గు కొన తెల్లబారుతుంది, ఇంజను మామూలుకన్నా వేడెక్కుతుంది. మూసుకుపోయిన ఫిల్టరు దీనికి సరిగ్గా తిరగబడిన పని చేస్తుంది. గాలి చాలదు, పెట్రోలు ఎక్కువవుతుంది, ప్లగ్గు కొన మసిబొగ్గులా నల్లబడుతుంది, సైలెన్సర్ నల్లపొగ కక్కుతుంది. కాక తెచ్చిన వీడర్ ప్లగ్గు విప్పితే మసి చేతికి అంటుకుంది. పెట్రోలు బంకు మీద పెట్టిన కేసు ఆ మసితోనే కొట్టుడుపోయింది.

మూడు భాషల నేల, లెక్కలేనన్ని ఇంజన్లు

కామారెడ్డి జిల్లాకు పడమటి అంచు జుక్కల్. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా వచ్చేదాకా ఇది నిజామాబాద్ జిల్లాలోదే. ఒకవైపు మహారాష్ట్ర, ఇంకోవైపు కర్ణాటక. సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం కలిసే వినిపిస్తాయి. ఒక స్పేర్ పార్టు కోసం దెగ్లూరుకు పోయేవాళ్లూ ఉన్నారు, బాన్సువాడకు పోయేవాళ్లూ ఉన్నారు. కౌలాస్ కోట కింద వాగు మీద ప్రాజెక్టు ఉన్నా ఈ మండలంలో చాలా పొలాలు వాననే నమ్ముకున్నవి. నల్లరేగడి కాబట్టి వానాకాలం సోయా, పెసర, మినుము, కంది, పత్తి. ఆ తేమ మీదే యాసంగిలో శనగ, జొన్న.

కలుపు తీసే చేతులు తగ్గాయి. కూలీలు దొరికే నాలుగు రోజుల్లోనే ఊరంతా ఒకేసారి కలుపు తీయించాలి. ఆ ఖాళీలోకి చిన్న ఇంజన్లు వచ్చిపడ్డాయి. పత్తి సాళ్ల మధ్య నడిచే పవర్ వీడర్, వీపున మోస్తూ మందు కొట్టే తైవాన్ పంపు, గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టర్, వాగులోంచి నీళ్లు తోడే పెట్రోలు పంపు. ట్రాక్టరు కొనలేని రెండు మూడెకరాల రైతుకు ఇవే ట్రాక్టర్లు. ట్రాక్టరుకైతే డ్రైవరుంటాడు, సర్వీసుకు షోరూముంది, ఎయిర్ క్లీనర్ చూసే అలవాటుంది. ఈ చిన్న ఇంజనుకు దాన్ని కొన్న రైతు తప్ప దిక్కు లేదు.

నల్లరేగడి తడిస్తే కాలికి అంటుకుంటుంది, ఎండితే పిండవుతుంది. వాన తెరిపిచ్చాక పదిరోజులు ఎండ కాసిన చేనులో వీడర్ దించితే దాని బ్లేళ్లు లేపే దుమ్ము ముందుగా చేరేది ఇంజనుకే. ఎందుకంటే ఇంజను గాలి పీల్చే చోటు నేలకు మూడడుగుల లోపే ఉంటుంది. సోయా నూర్పిడప్పుడు ఇంకా ఘోరం. మట్టికి పొట్టు, కాయల మీది నూగు తోడవుతాయి. స్పాంజి మీద అది దూది పరుపులా పేరుకుంటుంది.

━ లీటరు పెట్రోలుకు ఎంత గాలి? ━

లీటరు పెట్రోలు సక్రమంగా మండడానికి సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. విశ్రాంతిగా ఉన్న మనిషి రాత్రీ పగలూ కలిపి పీల్చేది 10, 11 వేల లీటర్లు. అంటే చేనులో ఒక లీటరు కాల్చిన వీడర్, ఒక మనిషి దాదాపు రోజంతా పీల్చే గాలిని మింగేసినట్టే. అదీ దుమ్ము రేగిన చోట, ఏకబిగిన.

రేసు బండికి దగ్గరి చుట్టం

జుక్కల్‌లో గో-కార్ట్ ట్రాకు లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నాయి. సెలవురోజున పిల్లలు, ఉద్యోగులు హెల్మెట్ పెట్టుకుని నేలకు జానెడెత్తులో కూర్చుని గిరగిరా తిరిగే ఆ బండ్లకూ, మన చేలలోని యంత్రాలకూ దగ్గరి చుట్టరికం ఉంది. ప్రపంచమంతటా అద్దె కార్టుల్లో విరివిగా కనిపించేది హోండా జీఎక్స్ వరుస ఇంజను. జీఎక్స్200 అంటే 196 సీసీ, ఒకే సిలిండరు, తాడు గుంజితే లేచేది. అదే రకం ఇంజనును నీటి పంపులకు, టిల్లర్లకు, జనరేటర్లకు, కాంక్రీటు కలిపే మిల్లర్లకు కూడా బిగిస్తారు. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు పోటీల కోసం గొట్టాలు వెల్డింగ్ చేసి కట్టుకునే బండ్ల వెనకాల ఉండేది కూడా ఈ జాతి చిన్న ఇంజనే.

కార్టుకూ దుమ్ము బాధ తప్పదు. నేలకు అంత దగ్గరగా ఉన్న ఇంజను ముందు బండి లేపిన ఇసుకను, అరిగిన టైర్ల రబ్బరు పొడిని, తన చైను చిమ్మిన నూనెను కూడా పీల్చాల్సి వస్తుంది. పైగా కార్బొరేటర్ నుంచి వెనక్కి చిమ్మే పెట్రోలు తుంపరతో స్పాంజి తడుస్తుంది. తడిసిన స్పాంజికి దుమ్ము ఇంకా తొందరగా పడుతుంది. అందుకని కార్టులు పద్ధతిగా నడిపేచోట ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో పుస్తకంలో రాస్తారు. రేసు కుర్రాళ్లయితే ట్రాకు దిగిన ప్రతిసారీ ఫిల్టరు విప్పి చూస్తారు, మార్చడానికి నూనె పట్టించిన ఇంకో స్పాంజి సంచిలో పెట్టుకునే వస్తారు.

జుక్కల్ రైతు ఈ కార్టు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒక్కటే అనిపిస్తుంది: గంటల లెక్క. మన దగ్గర యంత్రం వయసును సీజన్లలో చెబుతారు. "రెండు పంటలు నడిచింది" అంటారు. ఇంజనుకు పంటలతో పనిలేదు. జీఎక్స్ ఇంజన్లకు హోండా వాళ్లు రాసిన పుస్తకంలో ఫిల్టరును 50 గంటలకోసారి లేదా మూడు నెలలకోసారి శుభ్రం చేయాలని, దుమ్ము ఉన్నచోట ఇంకా ముందే చేయాలని ఉంటుంది. రోజుకు ఆరు గంటలు నడిచే వీడర్‌కు 50 గంటలు తొమ్మిదో రోజున ముగిసిపోతాయి. మన దుమ్ముకు అంతదాకా ఆగడం కూడా ఎక్కువే. స్పాంజిని ప్రతి సాయంత్రం చూడాలి.

━ గడ్డి కోసే ఇంజనుతో పుట్టిన ఆట ━

1956లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఆర్ట్ ఇంగెల్స్ తొలి కార్టును తయారుచేశాడు. ఆయన కర్టిస్ క్రాఫ్ట్ అనే రేసు కార్ల కంపెనీలో పనిచేసేవాడు. మిత్రుడు లూ బొరెల్లీ సాయం చేశాడు. ఆ బండికి బిగించింది లాన్ గడ్డి కోసే యంత్రాల కోసం తయారై, అమ్ముడుపోక మిగిలిన వెస్ట్ బెండ్ ఇంజను. నేటి ఫార్ములా వన్ డ్రైవర్లలో దాదాపు అందరూ చిన్నప్పుడు ఎక్కింది కార్టులే.

రెండు రకాల చావు

ఫిల్టరు వల్ల ఇంజను రెండు రకాలుగా చస్తుంది. మొదటిది మనకు తెలిసిపోతుంది. గాలి ఆడక బలం తగ్గుతుంది, పొగ వస్తుంది, పెట్రోలు తాగుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగేసి, కిందికి జారి ఇంజనాయిలును పలచన చేస్తుంది. ఇది నెమ్మదిగా జరుగుతుంది, ముందే హెచ్చరిస్తుంది. ఇంజను మొరాయించడమే ఆ హెచ్చరిక.

రెండోది చప్పుడు చేయదు. చిరిగిన కాగితం, పగిలిన రబ్బరు అంచు, సరిగ్గా కూర్చోని మూత, లేదా అసలు ఫిల్టరే లేకపోవడం. ఇంజను అప్పుడు హాయిగా మోగుతుంది, పికప్ బాగుంటుంది, యజమాని సంతోషంగా ఉంటాడు. లోపల మాత్రం ఇసుక పని మొదలుపెడుతుంది. మట్టిలోని పలుగురాతి రేణువు ఇంజనులోని పోత ఇనుముకన్నా గట్టిది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, ఇంజనుకు ఎక్కువ కీడు చేసేవి 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులు, అంటే కంటికి ఆననివి. పిస్టన్ రింగుకూ సిలిండరు గోడకూ మధ్య ఉండే నూనె పొర కొద్ది మైక్రాన్లే. ఆ సందులో చిక్కిన రేణువు పిస్టన్ కదిలిన ప్రతిసారీ గోడను గీరుతుంది. నిమిషానికి 3,600 చుట్లు తిరిగే ఇంజనులో పిస్టన్ నిమిషానికి 7,200 సార్లు ఆ గోడ వెంట పైకో కిందికో పోతుంది.

ఇక నీలంపొగ, ఆయిలు తగ్గిపోవడం, తాడు గుంజితే చేతికి బిగువు తగలకపోవడం. "రింగులు పోయినయ్, బోరు కొట్టియ్యాలె" అంటాడు మెకానిక్. తైవాన్ పంపు, బ్రష్ కట్టర్ లాంటి టూస్ట్రోకు ఇంజన్లలో నష్టం ఇంకా లోతు. వాటిలో గాలి, పెట్రోలు, నూనె కలిసి ముందు క్రాంకు గదిలోకి వెళ్లి ఆ తర్వాతే సిలిండరుకు చేరతాయి. కాబట్టి దుమ్ము తొలి దెబ్బ క్రాంకు బేరింగుల మీదే పడుతుంది. స్పాంజి ముక్క ధర ఒక పూట కూలికన్నా తక్కువ. బోరు, పిస్టన్, రింగులు, బేరింగులు, మజూరీ కలిస్తే వేలల్లోకి పోతుంది. అది కూడా కలుపు ముదిరే వారంలో, యంత్రం షెడ్డులో పడి ఉన్నప్పుడు. రిపేరు బిల్లు మీద ఎక్కని అసలు నష్టం చేనులో జరిగేది.

ఫిల్టరు పీకేసి నడిపితే బలం వస్తుందన్న ఆశ ఒక్క మన ఊరిది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారికి వెళ్లిన బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాలకు ఇసుక ఆపడానికి వోక్స్ ఫిల్టరు బిగించారు. దాంతో వేగం తగ్గిందని పైలట్లు గొల్లుమన్నారు. అయినా ఫిల్టరు తీసేయలేదు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఉన్న మరమ్మతు కేంద్రం వాళ్లు దానికన్నా చిన్నదీ, గాలి బాగా ఆడేదీ ఇంకొకటి తయారుచేశారు. ప్రాణాల మీదికొచ్చిన యుద్ధంలోనే ఫిల్టరు లేకుండా ఇంజను తిప్పడానికి ఒప్పుకోలేదంటే అది ఎంత అవసరమో అర్థమవుతుంది. పైగా కార్బొరేటర్ జెట్లను ఫిల్టరు ఉంటుందన్న లెక్కతోనే అమరుస్తారు. అది తీసేస్తే మిశ్రమం పలచబడి ఇంజను కాలుతుంది.

మంచి మనసుతో చేసే చెడుపు

అసలు పట్టించుకోనివాళ్ల సంగతి అటుంచి, శ్రద్ధగా శుభ్రం చేసేవాళ్లు కూడా ఇంజనును పాడుచేస్తున్నారు. టైరు పంక్చరు షాపులో గాలి కొట్టించడం అందులో ఎక్కువగా కనిపించేది. లారీ టైర్లకు గాలి నింపే ఆ ఒత్తిడికి కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. కాగితం ఫిల్టరుకు 30 పీఎస్‌ఐకి మించకూడదని హోండా పుస్తకం చెబుతుంది, అది కూడా లోపలి వైపు నుంచి బయటికి. బ్రష్షు పెట్టి రుద్దడం వద్దు, దుమ్ము పోగులలోకి ఇంకా దిగుతుంది. కాగితాన్ని కడగడం అసలే వద్దు.

స్పాంజిని పెట్రోలులో ముంచి పిండడం ఇంకొకటి. నిప్పుకు ప్రమాదం, పైగా నాసిరకం స్పాంజి ఆ దెబ్బకు పొడిపొడిగా విడిపోతుంది. కడిగాక నూనె పట్టించకుండా పొడిగా బిగించేవాళ్లే ఎక్కువమంది. స్పాంజి రంధ్రాలు పెద్దవి, సన్నటి దుమ్మును పట్టేది ఆ రంధ్రాల గోడల మీది జిగురు నూనె పొరే. స్పాంజి ఒక్కటే ఉండే ఇంజనులో అది పొడిగా ఉంటే రాళ్లను ఆపుతుంది, దుమ్మును వదిలేస్తుంది. స్పాంజి దొరక్క పాత బనీను గుడ్డ చుట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. దానివల్ల గాలీ సరిగ్గా ఆడదు, దుమ్మూ ఆగదు.

అతి శుభ్రమూ మంచిది కాదని చెబితే చాలామంది నమ్మరు. కాగితం ఫిల్టరు మీద పలచగా దుమ్ము పొర కట్టాక అది కొత్తదానికన్నా బాగా వడగడుతుంది, ఎందుకంటే ఆ పొర కూడా జల్లెడ పనిచేస్తుంది. అందుకే స్పాంజిని తరచుగా కడగాలి, కాగితాన్ని అవసరమైనప్పుడే మెల్లగా తట్టాలి. ఎండకు ఎత్తి పట్టి లోపలి నుంచి చూస్తే ఎక్కడైనా సూదిమొన వెలుగు కనిపించిందా, ఇక ఆ ఫిల్టరు పని అయిపోయినట్టే.

━ స్పాంజి కడిగే తీరు ━

ఇంజను చల్లారాక, మూత విప్పే ముందు చుట్టూ ఉన్న మట్టి తుడవాలి, లేదంటే అదే కార్బొరేటర్ నోట్లో పడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో స్పాంజిని పిసకాలి, బట్టలా మెలిపెట్టి పిండొద్దు. మంచినీళ్లలో జాడించి నీడన పూర్తిగా ఆరనివ్వాలి. శుభ్రమైన ఇంజనాయిలులో ముంచి, గుడ్డలో పెట్టి అదనపు నూనె అంతా నొక్కి తీసేయాలి. నూనె ఎక్కువ మిగిలితే మొదట లేపినప్పుడు పొగ వస్తుంది. బిగించే ముందు పెట్టె అంచు, రబ్బరు వేలితో తడిమి చూడాలి.

ఇంజనుకైతే స్పాంజి, మనిషికి?

ఇంత రాశాక ఆ ఇంజను పక్కన నిలబడ్డ మనిషిని వదిలేయలేను. సోయా నూర్పిడి దగ్గర ఒక పూట నిలబడితే తెలుస్తుంది. మిషను లేపే దుమ్ములో ఎదుటి మనిషి కనిపించడు. కట్టలందించే ఆడవాళ్లు కొంగును ముక్కు చుట్టూ బిగించుకుంటారు, మగవాళ్లు తువ్వాల కట్టుకుంటారు. రాత్రి ఇంటికెళ్లాక ఉమ్మి నల్లగా పడుతుందని మామూలు మాటలా చెబుతారు. ఇంజనులోకి వెళ్లకూడదని మనం ఇంత తంటాలు పడే రేణువులే, వాటికన్నా సన్నటివే, ఊపిరితిత్తుల లోతుకు దిగేవి. 10 మైక్రాన్ల లోపువి ముక్కును దాటుకుంటాయి, రెండున్నర మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా చేరతాయి. తువ్వాల పెద్ద పొట్టును ఆపుతుంది, వీటిని ఆపదు. ముక్కుకు, గడ్డానికి అతుక్కుని కూర్చునే ఎన్95 మాస్కు ఆపుతుంది. కరోనా రోజుల్లో ప్రతి ఇంటికీ పరిచయమైన ఆ మాస్కును నూర్పిడి రోజున కూలీలందరికీ ఇవ్వడం రైతుకు పెద్ద ఖర్చేమీ కాదు. మాస్కుకూ గడువుంటుంది, దుమ్ముతో బిగుసుకుని ఊపిరి ఆడకపోతే మార్చేయాలి.

డబ్బాతో వచ్చిన పుస్తకం ఎక్కడ?

కొత్త యంత్రంతో వచ్చే పుస్తకంలో ఇదంతా ఉంటుంది. అది ఎక్కువగా ఇంగ్లిషులో, కొన్నిసార్లు హిందీలో ఉంటుంది. పెట్టె విప్పిన రోజే అది అటకెక్కుతుంది. సబ్సిడీ మీద ఇచ్చేటప్పుడు దరఖాస్తులు, ఫొటోలు, సంతకాలు ఉంటాయి కానీ మూత విప్పి చూపించే అయిదు నిమిషాలు ఉండవు. రాష్ట్రంలో క్లస్టరుకొకటి చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. బాన్సువాడకు దగ్గర్లో రుద్రూర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. సోయా కోతలకు ముందు వారంలో ఒక రోజు వేదిక దగ్గర బకెట్టు, సబ్బుపొడి, లీటరు ఆయిలు పెట్టి, ఊరి మెకానిక్కుకు రోజు కూలి ఇచ్చి కూర్చోబెడితే చాలు. ప్రతి రైతు తన యంత్రం తెచ్చుకుని తన చేత్తోనే విప్పి కడిగి బిగించుకుని పోవాలి. ఎవరో చేసి చూపిస్తే మర్చిపోతారు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. అగ్గువకు దొరికే నకిలీ ఫిల్టర్లలో కాగితం పలచన, మడతలు తక్కువ, అంచు రబ్బరు గట్టిది. పాతదాన్ని వెంట తీసుకుపోయి మడతలు, అంచు, ఎత్తు పోల్చి చూసి తెచ్చుకోవాలి. అంచు దగ్గర వెంట్రుకంత సందు ఉన్నా దుమ్ము దారి వెతుక్కుంటుంది, ఎందుకంటే గాలికి అక్కడ అడ్డు తక్కువ.

పని ముగిసి యంత్రాన్ని మూలకు పెట్టే రోజున ట్యాంకులోని పెట్రోలు వంపేసి, కార్బొరేటర్ గిన్నెలోది కూడా ఖాళీ చేయాలి. స్పాంజిని కడిగి, ఆరబెట్టి పెట్టాలి. ఏళ్లు గడిచే కొద్దీ స్పాంజి దానంతటదే పొడిబారుతుంది, ఎలుకలు కూడా కొరుకుతాయి. మళ్లీ తీసినప్పుడు వేలితో నొక్కి చూడండి. నొక్కిన చోట గుంట పడి తిరిగి లేవకపోయినా, వేలికి పొడి అంటుకున్నా అది పారేయాల్సిందే. అలాంటి స్పాంజిని బిగిస్తే ఇంజను మొదట పీల్చుకునేది ఆ స్పాంజి పొడినే.